లీటర్ల లెక్కలో రుచి తెలియదు

2024లో మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్‌కు 67 లక్షల మంది వచ్చారు. దాదాపు 70 లక్షల లీటర్ల బీరు ఖర్చయింది. ఇలాంటి అంకెలు ఏటా మన పత్రికల్లోనూ ఫొటోలతో సహా కనిపిస్తుంటాయి. అదే పేరు తగిలించి హైదరాబాద్, బెంగళూరు పబ్బుల్లో వారాంతపు వేడుకలు పెడతారు. జర్మనీలో చదువుకుంటున్న విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులే అందరికంటే ఎక్కువ, వారిలో తెలుగు పిల్లలు తక్కువేమీ కాదు. బంధువులో స్నేహితులో అక్కడ ఉన్నారు కాబట్టి సెలవుల్లో అటు వెళ్లే కుటుంబాలూ పెరిగాయి. మరోవైపు చిన్న బ్రూవరీలు తయారుచేసే రకరకాల బీర్లు ఎలా ఉంటాయో తెలుసుకోవాలన్న కుతూహలం మన పట్టణాల్లో కొత్తగా పుట్టింది. మైక్రోబ్రూవరీలు వచ్చాక గోధుమ బీరు, స్టౌట్, ఐపీఏ అన్న పేర్లు నోళ్లలో నానుతున్నాయి. ఆ కుతూహలంతోనే ప్రయాణం కట్టాలనుకునేవారికి నా సలహా మ్యూనిక్ మైదానాన్ని వదిలేసి, అక్కడి నుంచి రెండు గంటల రైలు దూరంలో ఉత్తరాన ఉన్న ఫ్రాంకోనియా పల్లెలకు వెళ్లమని. కారణం అభిరుచి ఒక్కటే అనుకోవద్దు. మనం ఎంత తాగితే అమ్మేవాడికి ఎంత మిగులుతుంది అన్న లెక్క బీరు రుచినీ, తాగేవాడి తీరునూ, చివరికి ఊరి బతుకునూ ఎలా నిర్ణయిస్తుందో ఈ రెండు చోట్లా ఎదురెదురుగా కనిపిస్తుంది. ఆ లెక్క మన దగ్గర ఎలా ఉందో చూసుకోవడానికీ అది పనికొస్తుంది.

ముందు మ్యూనిక్ సంగతి. 1810లో బవేరియా యువరాజు లూడ్విగ్ పెళ్లి సందర్భంగా పెట్టిన గుర్రప్పందెంతో ఆ జాతర మొదలైంది. ఇప్పుడు అక్కడ బీరు పోసే హక్కు మ్యూనిక్ నగరానికి చెందిన ఆరు బ్రూవరీలదే: ఔగుస్టీనర్, హాకర్-ప్షోర్, హోఫ్‌బ్రాయ్, లోవెన్‌బ్రాయ్, పౌలానర్, స్పాటెన్. వీటిలో స్పాటెన్, లోవెన్‌బ్రాయ్ రెండూ బడ్‌వైజర్‌ను అమ్మే ఎబి ఇన్‌బెవ్ చేతిలో ఉన్నాయి. హోఫ్‌బ్రాయ్ బవేరియా ప్రభుత్వానిది. ఒక్కో పెద్ద గుడారంలో ఒక్క బ్రూవరీ బీరే దొరుకుతుంది. ఆరింటిదీ ఇంచుమించు ఒకే తరహా: లేత బంగారు రంగు, ఆరు శాతం చుట్టూ ఆల్కహాలు, గొంతులో తేలిగ్గా దిగే స్వభావం. దాన్ని పోసే మగ్గు లీటరుది, అంతకంటే చిన్న కొలత అడిగేందుకు పెద్ద గుడారాల్లో వీలుండదు. ధర 2025లో 14 యూరోల 50 సెంట్ల దగ్గర మొదలైంది. బల్ల ముందుగా కావాలంటే మనిషికి రెండు లీటర్ల బీరు, సగం కోడి చొప్పున కూపన్లు కొనడం మామూలు పద్ధతి. అంటే లోపల కాలు పెట్టకముందే ఎంత తాగాలో ఒప్పందం కుదిరిపోయింది. వడ్డించేవారి సంపాదన అమ్మకంతో ముడిపడి ఉంటుంది. బ్యాండు కొంతసేపటికోసారి ‘ఐన్ ప్రోసిట్’ పాట వాయించగానే గుడారమంతా లేచి మగ్గులెత్తుతుంది. జాతరగా అది గొప్ప జాతరే. రంగులరాట్నాలు, ఊరేగింపులు, తాతల నాటి దుస్తుల్లో వచ్చే కుటుంబాలు చూడదగ్గవే, మైదానంలోకి టికెట్ కూడా లేదు. కాకపోతే బీరు గురించి అక్కడ నేర్చుకోగలిగింది బహు తక్కువ. ఆరు కంపెనీల ఒకే తరహా సరుకును లీటర్లలో అమ్మేందుకు కట్టిన ఏర్పాటు అది, ఆ పనిని అది చక్కగానే చేస్తోంది.

ఇక ఫ్రాంకోనియా. పరిపాలన లెక్కలో అదీ బవేరియాలోదే, కానీ అక్కడివాళ్ల ముందు ఆ మాట అనకపోవడం మంచిది. బాంబెర్గ్, బైరాయిట్ పట్టణాలున్న ఎగువ ఫ్రాంకోనియాలో పది లక్షలకు కాస్త పైన జనాభా ఉంటే, బ్రూవరీలు నూట యాభైకి పైనే ఉన్నాయి. ఔఫ్‌సెస్ అనే గ్రామ సముదాయంలో పదిహేను వందల మంది కూడా లేరు, అక్కడ నాలుగు బ్రూవరీలున్నాయి. జనాభాతో పోల్చితే ఇన్ని ఇంకెక్కడా లేవని గిన్నిస్ పుస్తకంలో చోటు దక్కింది. ఆ నాలుగింటినీ కలుపుతూ సుమారు 14 కిలోమీటర్ల కాలిబాట వేశారు. పొలాల గట్ల మీదుగా, అడవి అంచున నడుస్తూ ఒక్కోచోట అరలీటరు తాగి, ఇంత రొట్టె, మాంసం తిని ముందుకు సాగుతారు. మ్యూనిక్‌లో లీటరుకు పెట్టే డబ్బుతో ఇక్కడ నాలుగు బ్రూవరీల బీరూ రుచి చూడవచ్చు. బాంబెర్గ్ పట్టణంలో శ్లెంకర్లా, స్పెట్సియాల్ అనే రెండు పాత బ్రూవరీలు బార్లీ మొలకలను ఇప్పటికీ కట్టెల మంట మీద ఆరబెడతాయి. శ్లెంకర్లాలో ఆ పొగ బీచ్ చెట్టు కట్టెలది. బీరు మొదటి గుక్క కాల్చిన ఎండుచేప వాసన కొడుతుంది. రెండో మూడో గ్లాసు దాకా నచ్చదని అక్కడివాళ్లే చెబుతారు. నిజానికి ఒకప్పుడు యూరప్‌లో బీరు చాలాచోట్ల అలాగే ఉండేది. పొగ తగలకుండా ఆరబెట్టే బట్టీలు వచ్చాక దాదాపు అందరూ మానేశారు, ఈ రెండు ఇళ్లవాళ్లు మానలేదు.

ఇన్ని బ్రూవరీలు అక్కడే ఎందుకు మిగిలాయి? మొదటి కారణం చరిత్రలో ఉంది. 19వ శతాబ్దం మొదట్లో బవేరియాలో కలిసేదాకా ఫ్రాంకోనియా ఒక రాజ్యం కాదు. బాంబెర్గ్, వుర్ట్స్‌బర్గ్ బిషప్పుల సంస్థానాలు, న్యూరెంబర్గ్ స్వతంత్ర నగరం, వాటి మధ్య చిన్న చిన్న జమీందారుల పాలనలో ఉన్న పల్లెలు. ఎవరి ఎల్లలో వారికి బీరు కాచే హక్కు, ఎవరి పన్ను వారిది. జర్మన్ బీరు సీసాల మీద గర్వంగా అచ్చువేసే, బీరులో ఏమేం వాడాలో చెప్పే 1516 నాటి శుద్ధి చట్టం బవేరియా డ్యూక్‌లది. బాంబెర్గ్ బిషప్ అలాంటి నిబంధనను 1489లోనే పెట్టాడు. రెండో కారణం యంత్రం. శీతలీకరణ యంత్రాలు రాకముందు బీరును వేసవిలో కాపాడాలంటే కొండలో తొలిచిన నేలమాళిగలే గతి. 1870లలో కార్ల్ ఫాన్ లిండె తన శీతలీకరణ యంత్రాన్ని బ్రూవరీలో ప్రయోగించి చూసింది మ్యూనిక్ స్పాటెన్‌లోనే. ఆ యంత్రంతో ఏడాది పొడవునా బీరు చేయగలిగిన నగర కంపెనీలు పెరిగి రైళ్లకెక్కి దేశాలు దాటాయి. ఫ్రాంకోనియా పల్లెల్లో మాత్రం మాళిగ నిలిచింది. మాళిగ మీద చల్లదనం కోసం నాటిన చెట్ల నీడలోనే బల్లలు వేసుకుని తాగే అలవాటు నిలిచింది. అక్కడ బీరు తాగడానికి వెళ్తున్నామని చెప్పాలంటే ‘కెల్లర్ (మాళిగ) మీదికి వెళ్తున్నాం’ అంటారు. 1812లో బవేరియా రాజు మ్యూనిక్ బ్రూవరీలను తమ మాళిగల దగ్గర బీరు అమ్ముకోనిచ్చి, రొట్టె తప్ప వేరే భోజనం అమ్మకూడదన్నాడు. జనం ఇంటి నుంచి మూట కట్టుకుని వచ్చారు. ఆ హక్కును 1999 నాటి బవేరియా బీర్‌గార్డెన్ నిబంధనల్లోనూ గుర్తించారు. కాబట్టి మనవాళ్లు పులిహోర డబ్బా విప్పినా అక్కడ అభ్యంతరం చెప్పేవారుండరు.

రుచికీ దూరానికీ ఉన్న సంబంధం ఇక్కడే తేటగా తెలుస్తుంది. కెల్లర్ బీరును చాలాచోట్ల వడగట్టరు, వేడిచేసి సూక్ష్మజీవులను చంపరు. ఈస్టు అందులోనే సజీవంగా ఉంటుంది. కొయ్య పీపాకు కుళాయి బిగించి, గ్యాస్ ఒత్తిడి లేకుండా దాని బరువుకు దాన్ని కారనిస్తారు. నురగ మెత్తగా, గ్యాస్ తక్కువగా, రొట్టె వాసనతో ఉండే ఆ బీరు పీపా తెరిచాక గంటల వ్యవహారం. దాన్ని లారీ ఎక్కించి వెయ్యి కిలోమీటర్లు పంపాలంటే వడగట్టాలి, వేడిచేయాలి, గ్యాస్ నింపాలి, అప్పుడది వేరే బీరు అవుతుంది. అందువల్ల ఆ రుచి కావాలంటే తాగేవాడే కదలాలి. ఫ్రాంకోనియాకు తూర్పున ఉన్న ఓబర్‌ఫాల్ట్స్‌లో విండిషెషెన్‌బాఖ్, ఫాల్కెన్‌బర్గ్ లాంటి ఊళ్లలో ఈ పద్ధతి మరీ ముదిరింది. అక్కడ కాచే బట్టీ ఊరందరిదీ. హక్కున్న ఇళ్లవాళ్లు వంతులవారీగా అందులో కాచి, ఇంటికి తెచ్చి పులియబెట్టి, తమ వంతు వచ్చినప్పుడు వసారాలోనో ముందుగదిలోనో అమ్ముతారు. బీరు ఉందని చెప్పేందుకు గోడకు ఆరు కోణాల నక్షత్రం వేలాడదీస్తారు. అయిపోతే దింపేస్తారు. ‘సోయిగ్ల్’ అనే ఈ బీరు ఏ వారం ఎవరింట్లో దొరుకుతుందో పంచాంగంలా ముందే అచ్చువేసి ఉంచుతారు. ఆ ఇంటివాళ్లకూ నాలుగు గ్లాసులు ఎక్కువ అమ్ముడైతే సంతోషమే, వాళ్లేమీ సన్యాసులు కారు. అయితే ఉన్నదే కొన్ని పీపాలు. ఎంత ఆశపడినా అంతకు మించి అమ్మలేరు, కాబట్టి ఎక్కువ తాగించేందుకు బ్యాండు మేళమూ కూపన్లూ అవసరపడవు.

పండుగలన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయమని ఒక అభ్యంతరం వస్తుంది. ఒప్పుకోవలసిందే. బ్రిటన్‌లో పెద్ద కంపెనీలు చాలా పబ్బులను కొనేసి, పీపాలో పండే పాత తరహా ఏల్‌ను తొలగించి గ్యాస్ నింపిన బీరు పెడుతున్న రోజుల్లో, 1971లో కామ్రా అనే వినియోగదారుల సంఘం పుట్టింది. 1977లో లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో అది తన మొదటి గ్రేట్ బ్రిటిష్ బీర్ ఫెస్టివల్ పెట్టింది. ఏ ఊళ్లో ఏ చిన్న బ్రూవరీ ఇంకా బతికి ఉందో జనానికి చూపించడమే దాని పని. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడాన్ని చట్టబద్ధం చేసే బిల్లు మీద 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాక చిన్న బ్రూవరీలు మొలకెత్తాయి, 1982లో కొలరాడోలో వాటన్నిటికీ కలిపి గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్ మొదలైంది. ఈ పండుగల్లో కొలత చూడండి. అమెరికన్ పండుగలో ఒకసారి పోసేది ఒక ఔన్సు, అంటే 30 మిల్లీలీటర్లు. బ్రిటన్‌లో పైంటులో మూడో వంతు అడిగి తీసుకోవచ్చు. బెల్జియంలో జరిగే జైథోస్ పండుగలో గ్లాసు 15 సెంటీలీటర్లది. మ్యూనిక్ లీటరు మగ్గు పక్కన ఈ గ్లాసులను పెడితే వాటి ఉద్దేశం వేరని ఎవరికైనా అర్థమవుతుంది. ఇలాంటి పండుగ ఊళ్ల జాబితా లాంటిది. ఏ బ్రూవరీకి వెళ్లాలో తేల్చుకోవడానికి ఒక సాయంత్రం దానికి ఇవ్వవచ్చు. దాని పరిమితి కూడా చెప్పుకోవాలి. ముప్పై రకాలు వరసగా నాలుక మీద వేసుకుంటే ఘాటైనవీ తియ్యనివీ మాత్రమే గుర్తుంటాయి. నెమ్మదిగా తెలిసే కెల్లర్ బీరు లాంటివి ఆ వరసలో ఎవరి కంటికీ ఆనవు.

మరో అభ్యంతరం ఇంకా గట్టిది. అందరూ ఆ పల్లెల మీద పడితే అవి మాత్రం మిగులుతాయా అని. బాంబెర్గ్ పాత పట్టణం 1993 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. శ్లెంకర్లా ముందు వీధిలో వారాంతాల్లో గ్లాసులు పట్టుకుని నిలబడే గుంపును చూసి చుట్టుపక్కల ఇళ్లవాళ్లు సంతోషిస్తారని అనుకోలేం. ఆ పట్టణపు సొంత జాతర జాండ్‌కేర్వా భద్రత ఖర్చులు భరించలేక 2017లో ఆ ఏడాదికి రద్దయింది. ఔఫ్‌సెస్ కాలిబాట మీది కాటీ-బ్రాయ్ బ్రూవరీ మోటార్‌సైకిళ్ల వాళ్లకు పేరుమోసిన మజిలీ, నడక గురించి ఇంత చెప్పాక ఆ సంగతి దాచడం బాగుండదు. అయినా ఈ పల్లెల అసలు కష్టం జనం ఎక్కువ రావడం కాదు. జర్మనీలో బీరు వాడకం మూడు దశాబ్దాలుగా తగ్గుతోంది. 1990ల మొదట్లో మనిషికి ఏడాదికి 140 లీటర్ల దాకా ఉన్నది ఇప్పుడు 90 లీటర్ల లోపుకు వచ్చింది. కొడుకులు, కూతుళ్లు నగరాల్లో ఉద్యోగాలకు పోతే తరతరాల బ్రూవరీలు మూతపడుతున్నాయి. నడిచి వచ్చి, రెండు గ్లాసులు తాగి, భోజనం చేసి, ఆ రాత్రి ఊళ్లో గది తీసుకునే యాత్రికుడు ఆ ఇంటికి భారం కాడు. ఆ డబ్బు ఊళ్లోనే రొట్టె చేసేవాడికీ మాంసం అమ్మేవాడికీ చేరుతుంది. రద్దీ బాధ పట్టణం నడిబొడ్డున రెండు మూడు పేరున్న చోట్లది. బస్సు దిగి అర్ధగంట నడిస్తే దొరికే ఊళ్లలో బల్లలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

ఇవన్నీ సరే, అసలు మద్యాన్ని విహారయాత్రగా మార్చడమే తప్పని మన రాష్ట్రాల్లో చాలామంది అంటారు, వాళ్ల మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన నేల ఇది. ఆ ఉద్యమ ఫలితంగానే 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. నిషేధం దిశగా సాగమని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతోంది. ఆల్కహాలు ఎంత తక్కువైనా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఇందులో ఒక్కదానితోనూ నాకు పేచీ లేదు. బీరు మంచిదని ఈ వ్యాసం వాదించడం లేదు, తాగనివారిని తాగమనడం లేదు. తాగాలని నిశ్చయించుకుని, దానికోసం టికెట్ కూడా కొన్నవాడు ఎక్కడికి వెళితే తక్కువ తాగి ఎక్కువ తెలుసుకుంటాడన్నదే ప్రశ్న. ఇంకో మాట, దూబగుంట ఆడవాళ్ల కోపం పులిసిన పానీయం మీద మాత్రమే కాదు. సర్కారు వేలం వేస్తే, పాటదారు ఆ డబ్బు రాబట్టుకోవడానికి కూలి చేతికందే వేళకు వాడలోకి ప్యాకెట్లు పంపించే ఏర్పాటు మీద కూడా.

ఆ ఏర్పాటు రూపం మార్చుకుంది, లెక్క మారలేదు. తెలంగాణలో 2023లో 2,620 మద్యం దుకాణాలకు లాటరీ తీస్తే లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము అప్పట్లో రెండు లక్షల రూపాయలు. దుకాణం దక్కనివాళ్ల దగ్గర నుంచి కూడా వసూలైన ఆ మొత్తం 2,600 కోట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ దుకాణాలను ఎత్తేసి 2024లో ఇదే తరహా లాటరీకి వచ్చారు. ఇంత పెట్టుబడి పెట్టి రెండేళ్ల లైసెన్సు తెచ్చుకున్నవాడు సీసాలు ఎన్ని కదిలాయా అని చూస్తాడు తప్ప కొనేవాడు రుచి పోల్చుకుంటున్నాడా అని చూడడు. జర్మనీ లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. బీరు పన్ను అక్కడ రాష్ట్రాలకు వెళుతుంది, రేటు స్వల్పం, మామూలు బీరు మీద లీటరుకు పది సెంట్ల లోపు. ఏడాదికి రెండు లక్షల హెక్టోలీటర్లకంటే తక్కువ తయారుచేసే స్వతంత్ర బ్రూవరీలకు, ఎంత చిన్నదైతే అంత తక్కువ రేటు పడుతుంది. చిన్నగా ఉండటాన్ని చట్టమే కాపాడుతోంది. బ్రిటన్ కూడా 2002లో చిన్న బ్రూవరీలకు పన్ను రాయితీ తెచ్చింది, తర్వాతి ఏళ్లలో అక్కడ వందల సంఖ్యలో కొత్తవి పుట్టాయి. అంత తక్కువ పన్ను మన దగ్గర పెట్టమని నేననను, మన ఖజానాలు దానికి ఒప్పుకోవు, మన సమాజం పరిస్థితి కూడా వేరు. అయితే మెట్లవారీ రేటు అన్న ఆలోచనకు ఖజానా తరగదు. తెలంగాణ 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు చేసింది. చేసిన చోటే తాగాలన్న షరతు ఫ్రాంకోనియా పద్ధతికి దగ్గరగానే ఉంది. కానీ అవి చాలావరకు హైదరాబాద్ పడమటి వైపు ఖరీదైన పేటల్లోనే వెలిశాయి. వాటిలో మాల్టు, హాప్స్ ఎక్కువగా దిగుమతి సరుకే. బాంబెర్గ్‌లోని వేయర్‌మాన్ మాల్టు మిల్లు మన మైక్రోబ్రూవరీలకూ తెలిసిన పేరే. ఆ బీరులో హైదరాబాద్‌ది అంటూ ఉన్నది నీళ్లే. జొన్నతో, రాగితో, మన మామిడితో ప్రయోగాలు జరగాలంటే చిన్న పట్టణంలో చిన్న పెట్టుబడితో మొదలుపెట్టగలిగే లైసెన్సు రుసుము ఉండాలి.

నిజానికి ఫ్రాంకోనియా పల్లె పద్ధతికి మన దగ్గర అసలైన బంధువు బీరు కాదు, కల్లు. పోద్దాటి (మగ తాటి) కల్లుకూ పండుదాటి (ఆడ తాటి) కల్లుకూ తేడా తెలిసినవారు, ఏ గీత కార్మికుడి లొట్టి ఎలా ఉంటుందో పేరు పెట్టి చెప్పగలిగినవారు తెలంగాణ పల్లెల్లో ఇంకా ఉన్నారు. పొద్దున దించింది సాయంత్రానికి పులిసిపోతుంది కాబట్టి చెట్టు దగ్గరికో మండువాకో మనిషే నడవాలి. చెట్టు ఇచ్చే దానికి మించి అమ్మడం కుదరదు. ఆ హద్దు దాటింది నగరంలోనే. 2004లో మూసేసిన హైదరాబాద్ కల్లు దుకాణాలను 2014లో మళ్లీ తెరిచారు. వాటికి సరిపడా తాటి, ఈత చెట్లు చుట్టుపక్కల ఎక్కడున్నాయన్న ప్రశ్నకు జవాబు లేకుండానే అమ్మకం సాగింది. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. దుకాణాలకు సీలు వేశారు, అరెస్టులు జరిగాయి, కొన్నాళ్లు తనిఖీలు నడిచాయి. ప్రతి దుకాణానికీ ఏ ఊరి చెట్ల నుంచి రోజుకు ఎన్ని లీటర్లు రావాలి, అక్కడ రోజుకు ఎన్ని లీటర్లు అమ్ముడవుతున్నాయి అన్న రెండు అంకెలను ఎక్సైజ్ శాఖ ఇప్పటికైనా ప్రకటించాలి. ఆ రెండూ పక్కపక్కన ఒక బోర్డు మీద రాయించి దుకాణం గుమ్మం దగ్గర పెట్టించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.